స్టీరింగ్ వంకర, 80 దగ్గర వణుకు: నా అనుభవం

ఒంగోలు నుంచి చీమకుర్తి వైపు తరచూ కారు నడిపేవాళ్లకు గ్రానైట్ లారీల సంగతి చెప్పనక్కర్లేదు. ఆ బరువుకు తారు కుంగిన చోట వాననీరు నిలిస్తే గుంత ఎంత లోతో పైకి తెలియదు. అలాంటి గుంతలో మా కారు ఎడమ ముందు చక్రం దబ్బున పడింది. టైరు పగల్లేదు, రిమ్ము వంగలేదు. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఏ తేడా కనిపించలేదు.

నెల్లూరు ప్రయాణంలో బయటపడింది. టంగుటూరు టోల్‌గేటు దాటాక వేగం 80కి చేరగానే స్టీరింగ్ అరచేతుల్లో సన్నగా వణికింది. 90కి ఆ వణుకు పెరిగింది, 60కి తగ్గిస్తే పూర్తిగా పోయింది. ఇంకో విషయం కూడా గమనించాను. కారు తిన్నగానే పోతోంది గానీ స్టీరింగ్ కుడివైపు కాస్త వంగి ఉంది. పట్టు వదులు చేస్తే బండి మెల్లగా ఎడమకు జరుగుతోంది.

షాపులో అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ రెండు పనులూ కలిపే చేస్తారు కాబట్టి చాలామంది దేనికైనా ‘అలైన్‌మెంట్ పోయింది’ అనేస్తారు. నిజానికి ఇవి వేరు వేరు జబ్బులు. ఒక వేగంలో పుట్టి, వేగం తగ్గిస్తే పోయే వణుకు సాధారణంగా బ్యాలెన్సింగ్‌ది. చక్రం చుట్టూ బరువు సమానంగా లేనప్పుడు వస్తుంది. ముందు చక్రాలదైతే ఎక్కువగా స్టీరింగ్‌లో, వెనుక చక్రాలదైతే సీటు కింద తెలుస్తుంది. బ్రేకు తొక్కినప్పుడే వణికితే ముందు బ్రేకు డిస్కులు చూపించాలి. స్టీరింగ్ వంకరగా ఉండడం, టైరు ఒక అంచునే అరగడం అలైన్‌మెంట్ లక్షణాలు. అంటే చక్రాలు ఉండాల్సిన కోణాలు తప్పాయని.

ఒక పక్కకు లాగడం దగ్గర మాత్రం తొందరపడకూడదు. వాననీరు జారిపోవడానికి రోడ్డును అంచు వైపు వాలుగా వేస్తారు కాబట్టి ఎడమ పక్కన నడిచే బండి కొద్దిగా ఎడమకు జరగడం మామూలే. గాలి తక్కువైనా లాగుతుంది, ఒక బ్రేకు పట్టేసినా లాగుతుంది. మర్నాడు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు బంకులో గాలి చూపించాను. కుడి ముందు టైరులో 33 ఉంటే ఎడమ దానిలో 26 ఉంది. సరిచేయగానే లాగడం చాలావరకు పోయింది, స్టీరింగ్ వంకర మాత్రం పోలేదు. అలైన్‌మెంట్ నిజంగానే చెడిందని అప్పుడు నమ్మాను.

టైర్లను చేత్తో తడిమి చూడమని అందరికీ చెబుతాను. ముందు టైర్లు రెండింటికీ లోపలి అంచు దగ్గర, లోపలి నుంచి బయటికి నిమిరితే నున్నగా ఉంది. బయటి నుంచి లోపలికి నిమిరితే రంపపు పళ్లలా వేళ్లకు తగిలింది. చక్రాల ముందు భాగాలు బయటికి విచ్చుకుని ఉంటే ఇలా అరుగుతుంది. కంటికి ఇంకా ఏమీ కనిపించని దశలోనే చేతికి తెలిసిపోతుంది.

మా బావకు తెలిసిన టైర్ల షాపుకు వెళ్లి ఇవన్నీ వరసగా చెప్పాను. మెకానిక్ శ్రద్ధగా విని, “అలైన్‌మెంట్ తర్వాత చూద్దాం సార్, ముందు బండి ఎత్తుదాం” అన్నాడు. ఆ ఒక్క మాటతో అతని మీద గురి కుదిరింది. బండి ఎత్తాక ఎడమ చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని కుదిపితే టక్ టక్ అని చప్పుడు వచ్చింది. టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ చివర ఉండే కీలు, లూజైంది. దాన్ని మార్చకుండా కోణాలు సరిచేస్తే అవి నిలవవు, ఆ డబ్బు వృథా. గాలి తగ్గడానికి కారణం వాల్వు దగ్గర సన్నని లీకు. అదీ మార్పించాను.

చక్రం విప్పితే వణుకు గుట్టు తెలిసింది. రిమ్ము లోపలి వైపు బురద గట్టిగా ఎండి ఒకచోట పేరుకుపోయింది. దాని పక్కనే నలుచదరంగా జిగురు మరక ఉంది. చక్రం బరువు సమానం చేయడానికి అక్కడ అంటించిన బరువు ముక్క ఎప్పుడో ఊడిపోయింది. బురద గీకి, కడిగాకే చక్రాన్ని యంత్రానికి ఎక్కించారు. బురదతోనే తూకం చూస్తే అది రాలిన రోజు వణుకు మళ్లీ మొదలవుతుంది.

చివర అలైన్‌మెంట్. స్టీరింగ్‌ను తిన్నగా నిలిపి బిగించాకే టై రాడ్లు తిప్పారు. మాలాంటి చిన్న కార్లు చాలావాటిలో ముందు చక్రాలకు షాపులో మార్చగలిగేది, వాటి ముందు భాగాలు లోపలికో బయటికో తిరిగి ఉండే ఈ ఒక్క కోణమే. పనికి ముందు, తర్వాత అంకెలున్న కాగితం అడిగి తీసుకున్నాను. అందరూ అడగాలి. కంపెనీ చెప్పిన హద్దుల్లోకి వచ్చిందో లేదో అందులో తెలిసిపోతుంది.

తిరుగు ప్రయాణంలో 90 దగ్గర కూడా వణుకు లేదు, స్టీరింగ్ తిన్నగా నిలిచింది. అరిగిన అంచులు మాత్రం తిరిగిరావు. గాడుల్లో అరుగుదల గుర్తుగా ఉండే 1.6 మిల్లీమీటర్ల దిమ్మెల దాకా ఇంకా రాలేదు కాబట్టి ఆ టైర్లను వెనక్కి మార్పించి వాడుతున్నాను.