మావాడిది రాతి గుండె కాదు

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, ఆటిజం ఉంది. న్యూజెర్సీలో వాడి రిపోర్టు తెరిస్తే మొదట కనబడేది ‘ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడు’ అన్న మాట. వాడే కావలిలో తలొంచుకుని జవాబిస్తే, “అమెరికాలో పెరిగినా ఎంత అణకువో!” అని మెచ్చుకుంటారు.

ఆ మెప్పు మా నాన్న పోయినప్పుడు నిలవలేదు. వాడు ఏడవలేదు. ఫ్రీజర్ బాక్సులో ఎన్ని డిగ్రీలుంటుందని మా బాబాయినడిగాడు. “ఇదేం పిలకాయరా, రాతి గుండె” అంది వెనకనుంచి ఒకావిడ. మర్నాటినుంచి తెల్లారుజామున నీళ్ల మోటారు వేసింది మాత్రం వాడే. తాత రోజూ ఐదింటికి వేసేవాడు, ఇప్పుడు అవ్వ లేవాలి కదా, నాకెలాగూ జెట్‌లాగ్ అన్నాడు. ట్యాంకు పొంగి నీళ్లు సందులో పడే చప్పుడు వినబడేదాకా చీకట్లో నిలబడి, స్టార్టర్ ఎర్ర బటన్ నొక్కి వచ్చి పడుకునేవాడు. పరామర్శకొచ్చేవాళ్లు ఆ వేళకి లేవరుగా, ఇదెవరి లెక్కలోకీ రాలేదు.

కర్మల రోజు కడుపునొప్పన్నాడు. మాత్రకి తగ్గలేదు. ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తమ లోపల ఉన్నది దుఃఖమో, భయమో, మరొకటో పోల్చుకోవడం కష్టం. దీన్ని అలెక్సితైమియా అంటారు, ఆటిజం లేనివాళ్లలోనూ ఉంటుంది. “ఎలా ఉందిరా?” అంటే వాడు “ఓకే” అంటాడు. “గొంతులో ఎలా ఉంది?” అంటే, “ఏదో అడ్డం పడ్డట్టుంది” అంటాడు. బాధ లేక కాదు.

తనూ ఆటిస్టిక్ అయిన బ్రిటన్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో, ఆటిజం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య ఈ అర్థం కాకపోవడం రెండువైపులా ఉందన్నాడు. తర్వాత 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒక కథని ఒకరినుంచి ఒకరికి చెప్పించుకుంటూ పోయారు. అందరూ ఆటిస్టిక్ అయిన వరసలోనూ, ఎవరూ కాని వరసలోనూ కథ ఇంచుమించు ఒకేలా చేరింది. కలగలిపిన వరసలోనే ఎక్కువ జారిపోయింది. యాసకి రెండోసారి చెప్పించుకునే మనలాంటి ప్రవాసులకి ఇందులో వింతేముంది? స్కూల్లో వాడికి ‘సోషల్ స్కిల్స్’ క్లాసులున్నాయి. మా చుట్టాలకీ పెడితే బాగుండు.

నెల్లూరు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో వాడికోసం ఆరోగ్య రొట్టె పట్టుకుంటానని అమ్మ మొక్కుకుంది. వాడికి జబ్బేం లేదమ్మా, చదువు రొట్టె పట్టుకో అన్నాను. రెండూ పట్టుకుంటానంటోంది.