మేం బెజవాడకు ఎండల్లోనే వస్తాం

సంక్రాంతికి రావచ్చు కదా, ఈ ఎండల్లో చిన్నపిల్లల్ని వేసుకుని ఎందుకొచ్చారు అని బెజవాడలో మమ్మల్ని అడగనివాళ్లు లేరు. ప్రేమకొద్దీ అడిగే మాటే అది. నా జవాబు మాత్రం చాలామందికి రుచించదు. పిల్లల్ని ఈ ఊరు తీసుకురావడానికి నాకు మే నెలాఖరే కావాలి. చలికాలంలో వస్తే ఒంటికి హాయిగా ఉంటుంది, నిజమే. నేను కోరుకునేది మాత్రం అప్పుడు దొరకదు.

ముందు సెలవుల లెక్క చెబుతాను. మేముండేది డల్లాస్ దగ్గర. అక్కడ క్రిస్మస్ సెలవులు ఇంచుమించు రెండు వారాలు. జనవరి మొదటి వారంలోనే బడి తెరిచేస్తారు. ఇక్కడ భోగిమంటలు వేసే వేళకు మా పిల్లలు అక్కడ క్లాసులో ఉండాలి. పోనీ డిసెంబర్‌లోనే వద్దామంటే ఇక్కడి పిల్లలకు బడి. పొద్దున్నే వెళ్లి ట్యూషన్ కూడా ముగించుకుని చీకటిపడ్డాక ఇంటికొచ్చే పిల్లాడితో మావాళ్లు ఎప్పుడు ఆడుకుంటారు? వేసవి సంగతి వేరు. టెక్సాస్‌లో మే చివరి వారానికి బడి అయిపోతుంది. ఆంధ్రలో జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఈ మధ్యలో దొరికే రోజులే ఇద్దరికీ కలిసొచ్చే సెలవులు. అవి చాలావరకు రోహిణి కార్తెలో పడతాయి. రోహిణిలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆ ఎండ నాకు అడ్డం కాదు, సాయం.

సత్యనారాయణపురంలో అమ్మానాన్నల ఇల్లు పాతది. రెండు గదులు, హాలు, వెనక వంటిల్లు. ఏసీ ఒక్క గదిలోనే ఉంది. పటమటలో ఉండే అన్నయ్య సెలవులివ్వగానే తన పిల్లలిద్దర్నీ ఇక్కడే దింపేస్తాడు. వాడి కొడుక్కి పదేళ్లు, కూతురికి ఆరు. మా అమ్మాయికి ఎనిమిది, చిన్నోడికి నాలుగు. పొద్దున పదకొండు దాటితే వీధిలో పురుగు కనిపించదు. భోజనాలు కాగానే ఇల్లంతా ఆ ఒక్క గదిలోకి చేరుతుంది. మంచం మీద అమ్మ, పక్కన చిన్నోడు. కింద చాపల మీద మిగతా అందరం. నీళ్లకోసం ఎవరైనా లేచి తలుపు తెరిస్తే చాలు, "తలుపెయ్యండ్రా, చల్లదనమంతా పోతోంది" అని నాలుగు గొంతులు లేస్తాయి.

డల్లాస్‌లోనూ ఎండ తక్కువేం కాదు. ఆగస్టులో 38, 40 డిగ్రీలు చూస్తూనే ఉంటాం. కానీ అక్కడ ఇల్లంతా చల్లగానే ఉంటుంది కాబట్టి ఎవరి గదిలో వాళ్లుంటాం. పిల్లలు పైన, నేను ల్యాప్‌టాప్ ముందు, ఆయన ఇంకో గదిలో మీటింగ్‌లో. ఇక్కడ పన్నెండు నుంచి నాలుగున్నర దాకా తప్పించుకునే దారి లేదు. అమ్మమ్మ, తాతయ్య, బావ, మరదలు, అందరూ చేతికందే దూరంలో ఉంటారు. వారాంతపు కబుర్లలో, వీడియో కాల్‌లో నేను ఎంత తంటాలు పడ్డా కుదరనిది ఆ నాలుగున్నర గంటల్లో దానంతటదే కుదురుతుంది.

ఆ గదిలో ఎక్కువగా సాగేది అష్టాచెమ్మా. నాన్న గచ్చు మీద సుద్దముక్కతో అయిదు వరుసల గడులు గీస్తారు. చింతపిక్కల్ని ఒకవైపు గరుకు గచ్చుకేసి తెల్లగా వచ్చేదాకా రుద్ది నాలుగు గవ్వలు తయారుచేస్తారు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎనిమిది. ఏది పడ్డా మళ్లీ వేయొచ్చు. ఎదుటివాళ్ల కాయనొకదాన్ని చంపితేగానీ లోపలి గడుల్లోకి వెళ్లడానికి వీల్లేదు. ఆట నేర్చుకోవడానికి మా అమ్మాయికి ఒక మధ్యాహ్నం చాలింది. అసలు కథ ఆ తర్వాతే.

మేనల్లుడిది ఇంగ్లిష్ మీడియం. వచ్చిన కొత్తలో మా అమ్మాయితో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాడు. అమెరికా మరదలి దగ్గర తన ఇంగ్లిష్ చూపించుకోవాలని వాడికీ ఉంటుంది. అమ్మానాన్నలు కూడా మనవరాలికి అర్థం కాదేమోనని ముక్కలు ముక్కలుగా ఇంగ్లిష్ కలిపేవారు. ఇలా ఇక్కడికొచ్చీ పిల్లలు ఇంగ్లిష్‌లోనే గడిపి వెళ్లిన ఇళ్లు నాకు చాలా తెలుసు. కానీ ఆట వేడెక్కాక వాడి నోట ఇంగ్లిష్ రాదు. పోట్లాట తెలుగులోనే. గవ్వ కాలికి తగిలి తిరగబడిందని వాడు, కావాలనే తిప్పావని ఇది. "నువ్వు తొండి చేశావు బావా, నేను చూశాను! తాతయ్యా, మళ్లీ వెయ్యమను!" అని మా పిల్ల గొంతు చించుకుంటుంటే నేను కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను. నాన్న తీర్పు చెప్పడానికి తొందరపడరు. "ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమ్మా" అంటారు. అది చెప్పాలి. ఎవరి కాయ ఎక్కడుంది, ఎవరి వంతు, ఏం పడింది, అంతా వరసగా చెప్పాలి.

మా అమ్మాయి డల్లాస్‌లో వారం వారం మనబడికి, అంటే అక్కడి పిల్లలకు తెలుగు నేర్పే బడికి, వెళ్తుంది. అక్షరాలు గుండ్రంగా రాస్తుంది, గుణింతాలు తడుముకోకుండా చదువుతుంది. ఆ చదువు మీద నాకు గౌరవముంది, మాన్పించే ఆలోచన లేదు. కానీ తరగతిలో టీచర్‌తో పోట్లాడాల్సిన అవసరం రాదు కదా. తనకు అన్యాయం జరిగిందని నిరూపించుకోవాల్సి వచ్చినప్పుడు పిల్లలు మాటల్ని ఎక్కడినుంచో లాక్కొస్తారు. తప్పులుంటాయి. అన్నాడు అనాల్సిన చోట అన్నది అంటుంది. ఆ గదిలో ఎవరూ దిద్దరు, ఎవరి గొడవలో వాళ్లుంటారు. నన్నడిగితే అదే మంచిది.

పొద్దుటిపూట జెట్‌లాగ్ మమ్మల్ని ఆదుకుంటుంది. కొత్తలో పిల్లలు తెల్లవారుజామున మూడుకే లేచి కూర్చుంటారు. డిసెంబర్‌లో అయితే ఆ చీకట్లో, చలిలో వాళ్లను ఏం చేయాలో తోచదు. ఎండాకాలంలో అమ్మ కూడా ఆ వేళకే లేస్తుంది, వడియాలకు. రాత్రి నానబెట్టిన సగ్గుబియ్యాన్ని జావలా ఉడికించి, పచ్చిమిర్చి, ఉప్పు నూరి కలిపి, జీలకర్ర వేసి గిన్నెతో డాబా మీదికి తెస్తుంది. పాత పంచె తడిపి పిండి పరుస్తుంది. ఏడు దాటితే డాబా మీద కాలు పెట్టలేం కాబట్టి వెలుగు రాకముందే పని మొదలవ్వాలి. మా చిన్నోడికి ఒక గరిటె ఇచ్చింది. వాడు ఒకదాన్ని దోసెంత వేశాడు. "అంత లావైతే లోపల ఎండదు నాన్నా, బూజు పడుతుంది. చిన్నగా వెయ్యి" అంటూ వాడి చెయ్యి పట్టుకుని తర్వాతవి వేయించింది. సాయంత్రం పంచె తిరగేసి, వెనకవైపు నీళ్లు చిలకరించి, ఒక్కొక్కటీ ఊడదీసే పని కూడా వాడిదే. సగం విరిగాయి. విరిగినవి వేరే పళ్లెంలో పోయించి, అవి ముందు వేయించిపెట్టింది.

ఎండ సాయం చేస్తుందన్నాను కానీ ఎండతో ఆటలాడను. బయల్దేరేముందే పిల్లల డాక్టర్‌ని కలవాలి. టైఫాయిడ్ టీకా కనీసం రెండు వారాల ముందు వేయించాలి, చివరి నిమిషంలో కుదరదు. ఇక్కడ పదకొండు తర్వాత బయటికి పంపను. పెళ్లి పిలుపైనా, ఎంత దగ్గర బంధువులైనా అంతే. కాచి చల్లార్చిన నీళ్లు, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు గంట గంటకూ తాగిస్తాను. పిల్లలకు దాహం తెలిసేసరికే ఆలస్యమవుతుంది. మూత్రం రంగు ముదిరిందా అని చూస్తూ ఉండాలి.

ఓఆర్‌ఎస్, అంటే ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు తాగించే ఉప్పు, చక్కెర కలిసిన మందుపొడి, దాని గురించి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. అదే పేరు పెట్టుకున్న తీపి పానీయాలు ఏళ్లపాటు మందుల షాపుల్లో అమ్ముడయ్యాయి. విరేచనాలవుతున్న పిల్లలకు అంత చక్కెర పడితే విరేచనాలు ఇంకా పెరిగి ఒంట్లో నీళ్లు తగ్గిపోతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఒక్క మనిషి పట్టుదల ఎంతమంది పిల్లల్ని కాపాడుతుందో తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. కలిపింది మర్నాటికి ఉంచకూడదు.

ఇరుగుపొరుగు దగ్గర కొంచెం టెన్షన్ తప్పదు. పిల్లల్ని చూడగానే బుగ్గలు గిల్లుతారు, ఒళ్లోకి లాక్కుంటారు. మా అమ్మాయికి అక్కడ బడిలోనే నేర్పారు, ఇష్టం లేకపోతే ఎవరినీ తాకనివ్వక్కర్లేదని. ఆ నేర్పింది నాకు నచ్చింది, విజయవాడ వచ్చామని వదిలెయ్యమనను. "అది కొత్తవాళ్ల దగ్గరికి వెంటనే రాదు పిన్నిగారూ, నమస్కారం పెడుతుంది" అని నేనే ముందు అందుకుంటాను. ఎవరూ నొచ్చుకోలేదు. తెలుగులో ఒక పద్యం చెప్పమ్మా అని అందరి ముందూ నిలబెడితే కూడా ఒప్పుకోను. ఇష్టమైతే అదే చెబుతుంది. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు అమ్మ ముద్దలు కలిపి పెడుతుంటే అడ్డుచెప్పను. డల్లాస్‌లో దాని అన్నం అదే తింటుంది, అదెక్కడికీ పోదు. మామిడిరసంతో పెరుగన్నం కలిపి, చుట్టూ నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని వరసగా నోట్లో పెట్టే అమ్మ చెయ్యి దానికి ఏడాదికోసారే దొరుకుతుంది.

స్కూటర్ విషయంలో నాన్నకూ నాకూ మాట పట్టింపు వచ్చింది. మనవణ్ణి ముందు నిలబెట్టుకుని కిళ్లీకొట్టు దాకా తీసుకెళ్లాలని ఆయన సరదా. నన్నూ అలాగే తిప్పారు. హెల్మెట్ లేకుండా వద్దన్నాను. నాలుగేళ్లలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే హెల్మెట్, పిల్లల్ని నడిపేవాళ్లకు కలిపి కట్టే బెల్టు ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 నుంచి కేంద్రం నిబంధన కూడా ఉంది. మావాడికి నాలుగు నిండాయని ఆయన వాదన. ఒక పూట ముభావంగా ఉన్నారు. మర్నాడు బీసెంట్ రోడ్డుకు వెళ్లి చిన్న సైజు హెల్మెట్ కొనుక్కొచ్చారు.

సాయంత్రం ఆరు తర్వాతే ఊరు మళ్లీ కదులుతుంది. బండి మీద ముంజలు, చెరకురసం, ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ. పైవైపు నిండా నీళ్లు, కిందివైపు ఇసుక మేటలు. ఈ ఇసుకలో వరద ఎలా వస్తుంది తాతయ్యా అని మా అమ్మాయి అడిగింది. నాన్న అక్కడే గోడకానుకుని చెప్పారు. 1855లో ఇంగ్లిష్ వాళ్లు కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిన సంగతి, 1957లో ఈ బ్యారేజీ తెరిచిన సంగతి, 2024 సెప్టెంబర్‌లో 11 లక్షల 43 వేల క్యూసెక్కులు దీని మీదుగా వెళ్లిన సంగతి. అదే సమయంలో బుడమేరు వాగు పొంగి ఊళ్లో సింగ్‌నగర్ మునిగింది. ఆ రెండు రాత్రులూ డల్లాస్‌లో నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నది నా కూతురికి గుర్తుంది. అమ్మ ఎందుకు నిద్రపోలేదో దానికి ఈ ఇసుక దగ్గర నిలబడ్డాక తెలిసింది.

తిప్పడం అంటే అంతే. కొండమీద అమ్మవారి దర్శనం ఒక తెల్లవారుజామున, అప్పుడప్పుడు ఇలా సాయంత్రాలు. తిరుపతి, అరకు, హైదరాబాద్ బంధువులు అని చుట్టబెట్టే ప్రయాణాలు మేం పెట్టుకోం. కారులో గడిచిన ప్రతి మధ్యాహ్నం ఆ గదిలో ఒక మధ్యాహ్నం తగ్గినట్టే.

ఇప్పుడు డల్లాస్ తిరిగొచ్చేశాం. చలికాలం తప్పిస్తే ఇక్కడ ఉదయం ఏడున్నరకు బెజవాడలో సాయంత్రం ఆరవుతుంది. అప్పుడు ఫోన్ చేస్తాం. ఒకప్పుడు పిల్లలు హాయ్ చెప్పి పారిపోయేవారు. ఇప్పుడు నాన్న అక్కడ గచ్చు మీద గడులు గీసి ఫోన్ నిలబెడతారు. మా అమ్మాయి ఇక్కడ గవ్వలు వేసి కెమెరాకు చూపిస్తుంది, దాని కాయల్ని మరదలు జరుపుతుంది. బావకు ఇంకా నమ్మకం లేదు, కెమెరా దగ్గరికి పెట్టమంటాడు.

వచ్చే వేసవికి హాల్లోనూ, రెండో గదిలోనూ ఏసీలు పెట్టిస్తానని అన్నయ్య అంటున్నాడు. నాన్నకు డెబ్బై దాటాయి, ఆ ఉక్కపోతలో హాల్లో పేపర్ చదువుకోవడం ఆయనకు కష్టంగానే ఉంది. పెట్టించమనే చెప్పాను. డబ్బులో సగం నేనిస్తానన్నాను. పిల్లలకు సెలవులున్నన్నాళ్లు మాత్రం మధ్యాహ్నాలు పాత గదిలోది ఒక్కటే వేద్దామని అడిగాను. అమ్మ సరేనంది. వదినకింకా చెప్పాలి.