పాత షెవర్లే ట్రక్కుకు ఫ్యూయల్ పంపు ఎంచుకోవడం

నా దగ్గరున్నది 1970 నాటి షెవర్లే సీ-10 పికప్. దాని ఇంజను 350 క్యూబిక్ అంగుళాల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది. పంపు అడుగున ఉన్న చిన్న రంధ్రం దగ్గర పెట్రోలు చెమ్మ కనిపించడంతో కొత్త మెకానికల్ పంపు కోసం వెతకవలసి వచ్చింది. మన మెకానిక్కులు ఏసీ పంపు అని పిలిచేది ఇదే. టెక్సస్‌లోని విడిభాగాల దుకాణాల్లో ఈ ఇంజనుకు సరిపోయే పంపులు చాలానే దొరుకుతాయి. గంటకు 80 గ్యాలన్లు, 110 గ్యాలన్లు అని అట్టపెట్టెల మీద పెద్ద అక్షరాలతో వేసి ఉంటుంది. ఆ అంకెను చివరికి చూడవచ్చునని, ముందు చూడవలసింది పీడనమేనని నా గట్టి అభిప్రాయం.

పంపు లోపల జరిగే పని తెలిస్తే ఇందుకు కారణం అర్థమవుతుంది. ఇంజను వాల్వులను నడిపే కామ్‌షాఫ్ట్ తిరిగినప్పుడల్లా లీవరు డయాఫ్రాన్ని, అంటే సాగే రబ్బరు పొరను, కిందికి లాగుతుంది, ట్యాంకులోని పెట్రోలు పంపులోకి వస్తుంది. అయితే ఆ పెట్రోలును కార్బురేటరు (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) వైపు నెట్టేది లీవరు కాదు, డయాఫ్రం కింద నొక్కుకుపోయిన స్ప్రింగు. కార్బురేటరు గిన్నె నిండి, అందులోకి పెట్రోలు వచ్చే దారిని మూసే నీడిల్ వాల్వు మూసుకుంటే పెట్రోలు పోవడానికి దారి ఉండదు కనుక డయాఫ్రం కిందనే ఆగిపోతుంది, లీవరు మాత్రం దాన్ని కదపకుండా ఊరికే ఆడుతూ ఉంటుంది. అంటే పీడనాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఆ స్ప్రింగు బలమే. రెగ్యులేటరు లేకుండానే ఇంత చక్కగా పనిచేసే ఏర్పాటును చూసినప్పుడల్లా నాకు దాన్ని తయారుచేసినవారి మీద గౌరవం పెరుగుతుంది.

నా ఇంజను మీద ఉన్న ఎడెల్‌బ్రాక్ కార్బురేటరుకు ఐదున్నర పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో కొలిచే పీడనం) చాలు, ఆరున్నర దాటకూడదు. అంతకు మించితే నీడిల్ వాల్వు నిలవలేక గిన్నె పొంగి, వేడి మ్యానిఫోల్డు మీద పెట్రోలు కారే ప్రమాదం ఉంది. ఒకే బ్యారెల్ కార్బురేటరు ఉన్న పాత ఆరు సిలిండర్ల షెవర్లేలకైతే దాదాపు నాలుగు పీఎస్ఐ సరిపోతుంది.

ఇక పరిమాణం సంగతి. పూర్తి వేగంలో ఒక్కో హార్స్‌పవరుకు గంటకు సుమారు అర పౌండు పెట్రోలు ఖర్చవుతుందనుకుంటే, 200 హార్స్‌పవర్ల ఇంజనుకు 100 పౌండ్లు, అంటే దాదాపు 17 గ్యాలన్లు కావాలి. పెట్టె మీది అంకె ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పుడు కొలిచినది కనుక దానిలో సగమే లెక్కలోకి తీసుకున్నా, 40 గ్యాలన్ల మామూలు పంపు ఈ ట్రక్కుకు నిక్షేపంగా సరిపోతుంది.

ఈ వీ8లో కామ్‌షాఫ్ట్‌కూ పంపు లీవరుకూ మధ్య ఐదూ ముప్పావు అంగుళాల ఉక్కు రాడ్డు ఒకటి ఉంటుంది. పంపు మారుస్తూ దాన్ని కొలవకుండా వదిలేయడం మంచిది కాదు. కొన అరిగి రాడ్డు పొట్టిదైతే లీవరు కదలిక తగ్గుతుంది, కొత్త పంపు కూడా పాతదానిలాగే నీరసంగా పనిచేస్తుంది. పంపు తీయగానే రాడ్డు కిందికి జారుతుంది. బ్లాకు ముందు భాగంలో, పంపు ఉన్న వైపున ఉండే పొట్టి బోల్టును తీసి, అదే సైజులో పొడవాటి బోల్టును వేళ్లతో మాత్రమే బిగిస్తే రాడ్డు పైనే నిలుస్తుంది. పంపు బిగించాక ఆ పొడవాటి బోల్టును తప్పకుండా తీసి, ఇంజనును తిప్పే ముందే పాతదాన్ని తిరిగి పెట్టాలి, లేకపోతే కామ్‌షాఫ్ట్ దెబ్బతింటుంది. ట్రక్కులో తర్వాతి కాలపు ఇంజను వేసి ఉంటే, పంపు కూర్చునే చోటు, కామ్‌షాఫ్ట్ మీద దాన్ని నడిపే ఉబ్బెత్తు భాగం రెండూ ఉన్నాయో లేదో కొనే ముందే చూసుకోవాలి.

ఇక్కడి పెట్రోలులో సాధారణంగా పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఏళ్ల తరబడి అలమరలో పడివున్న అసలు పంపు దొరికినా, దాని డయాఫ్రం ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు కాకపోతే మోజుపడి కొనడం దండగ. రెండు సగాలను మరలతో బిగించిన పంపునే నేను ఎంచుకుంటాను, ఎందుకంటే కిట్టు తెచ్చుకుని డయాఫ్రం మార్చుకోవచ్చు. అంచు మడిచి మూసేసిన పంపుకు ఆ వీలు లేదు. ట్రక్కుకు రిటర్న్ లైను ఉంటే మూడు గొట్టాల పంపే తీసుకోవాలి. వేడికి ఆవిరైన పెట్రోలు ఆ దారిన ట్యాంకుకు తిరిగిపోతుంది కనుక, వేసవి ట్రాఫిక్‌లో ఇంజను ఆగిపోయే బాధ తగ్గుతుంది.

1967 నుంచి 1972 వరకు వచ్చిన సీ-10లలో ట్యాంకు సీటు వెనుక, క్యాబిన్ లోపలే ఉంటుంది. అది పంపు కంటే ఎత్తున ఉండడం వల్ల హోసు విప్పితే పెట్రోలు దానంతట అదే కారుతుంది. అందుకే ఇంజను చల్లబడ్డాక, హోసును క్లాంపుతో నొక్కిన తర్వాతే పనిలోకి దిగాలి.

బిగించాక కార్బురేటరు ముందు గేజి పెట్టి పీడనం చూడాలి. ఆపైన ఐడిల్ వేగంలో సీసాలోకి పట్టి చూస్తే అర నిమిషంలో ఒక పింటు, అంటే అర లీటరుకు కాస్త తక్కువ, రావాలి. కొన్నాళ్లు నడిపాక ఇంజను ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి వాసన చూడాలి. పెట్రోలు వాసన గట్టిగా వస్తే డయాఫ్రం చిల్లి పడిందేమో చూసుకుని, ఆయిల్ మార్చేదాకా ఇంజను స్టార్టు చేయకూడదు.