మా వీధిలో కర్రోడు ఉండేవాడు

ధనుర్మాసం వచ్చిందంటే మా వీధిలో తెల్లవారుజామున ఐదింటికే గుమ్మాల ముందు లైట్లు వెలుగుతాయి. రోడ్డంతా సిమెంటే. అయినా ఎదురింటి మామ్మగారు పేడనీళ్ళతో కళ్ళాపి చల్లందే ముగ్గుగిన్నె ముట్టుకోరు. మోకాళ్ళు వంగవు కాబట్టి పీట వేసుకుని కూర్చుని చుక్కలు పెడతారు. మొన్న డిసెంబరులో ఒకరోజు పదిహేను చుక్కల ముగ్గు పూర్తిచేసి, గొబ్బెమ్మ మీద పెట్టే గుమ్మడిపువ్వు కోసం లోపలికి వెళ్ళారు. వచ్చేసరికి ముగ్గు నడిమధ్యన కుక్క దొడ్డికి కూర్చుని ఉంది. గొలుసు పట్టుకున్న అబ్బాయి ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఏం బాబూ, ఇదేం పని?" అన్నారు మామ్మగారు.

"కుక్కకేం తెలుస్తుందండీ మామ్మగారూ" అని, గొలుసు లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

కుక్కకు తెలియదు, నిజమే. తెలియాల్సింది అతనికి. ఆ మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే మా ఇంట్లోనూ కుక్క ఉంది. పేరు బుజ్జి. మామూలు దేశవాళీదే. ఆరేళ్ళ క్రితం యనమదుర్రు డ్రెయిన్ గట్టు మీద గోనెసంచిలో దొరికింది. దాన్ని తెచ్చుకున్న కొత్తలో రెండేళ్ళపాటు నేనూ వీధి చివర ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళి వదిలేసి, అది పని ముగించాక వెనక్కి చూడకుండా వచ్చేసేదాన్ని. మన ఇంటి ముందు కాదు కదా అనుకునేదాన్ని. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో నేచురల్ సైన్స్ చెప్పాను. కొంకిపురుగు పాఠం ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్కలేదు. కుక్క మలంలోంచి ఆ పురుగు పిల్లలు తడినేలలోకి చేరతాయి, చెప్పులు లేని కాళ్ళ చర్మంలోంచి లోపలికి దూరతాయి అని బొమ్మ వేసి మరీ చెప్పాను. అదే ఖాళీ స్థలంలో సాయంత్రం పిల్లలు ఉత్తకాళ్ళతో క్రికెట్ ఆడుతుంటే రోజూ చూశాను. రెండిటినీ కలిపి ఆలోచించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇది చెప్పుకోకుండా పక్కవాళ్ళ గురించి రాయడం న్యాయం కాదు.

ఇప్పుడు బయల్దేరేటప్పుడు చేతిసంచిలో పాత పేపరు ముక్కలు, ఒక కవరు పెట్టుకుంటాను. అది కూర్చోగానే కింద పేపరు వేస్తాను. మడిచి ఇంటికి తెచ్చి మా పెరటి మరుగుదొడ్డిలో వేసి నీళ్ళు కొడతాను, పేపరు చెత్తబుట్టలోకి వెళుతుంది. రెండు నిమిషాల పని. డ్రెయిన్‌లోకి తోసేస్తే పోయిందనుకుంటారు చాలామంది. మన డెల్టాలో ఏదీ పోదు. నేల పల్లం, నీరు నిలుస్తుంది. వానాకాలం కాలువ పొంగితే డ్రెయిన్‌లో వేసిందంతా మళ్ళీ గుమ్మంలోకే వస్తుంది. ఎలుకల మూత్రం, కుక్కల మూత్రం కలిసిన ఆ నీళ్ళలో నడిచేవాళ్ళకు లెప్టోస్పైరా జ్వరం రావచ్చు. బుజ్జికి ఏటా వేయించే టీకాల్లో దానిదీ ఒకటి ఉంటుంది.

ఇక బ్రూనో సంగతి. అదే ఆ ముగ్గు తొక్కిన కుక్క. రాట్‌వీలర్ జాతి, రెండేళ్ళది. 2022 ఏప్రిల్‌లో భీమవరం జిల్లా కేంద్రం అయ్యాక మా చుట్టుపక్కల పెంకుటిళ్ళు తీసేసి అపార్ట్‌మెంట్లు, డూప్లెక్స్‌లు కట్టారు. అలా కట్టిన ఇంట్లోకి వచ్చినవాళ్ళే వీళ్ళు. తండ్రికి రొయ్యల చెరువులున్నాయి. ఎక్కువ రోజులు చెరువుల దగ్గరి మకాంలోనే ఉంటారు. కుక్కను కొన్నది కొడుకు. పిల్లప్పుడు అది ఎంత ముద్దుగా ఉండేదో నాకు తెలుసు, బుజ్జి తోక పట్టుకుని లాగేది. ఆరునెలల్లో పెరిగి పెద్దదైంది. మనిషి మాట వినడం దానికి ఎవరూ నేర్పలేదు.

సాయంత్రమైతే ఆ అబ్బాయి, ఇంకో నలుగురు స్నేహితులు ఖాళీ స్థలంలో బైకులు పెట్టుకుని కూర్చునేవారు. సీసాలు, బిర్యానీ పొట్లాలు అక్కడే. ఎముకల కోసం పక్కవీధి కుక్కలు కూడా చేరేవి, రాత్రంతా కొట్లాటలు. బ్రూనోని గొలుసు విప్పి వదిలేవారు. పాలు పోసే అమ్మాయి సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళేది. ట్యూషన్ పిల్లలు చుట్టు తిరిగి వేరే సందులోంచి వచ్చేవారు. ఎవరైనా అడిగితే "ఏం చేయదండీ, కరవదు" అనేవారు. ఒకసారి మూడో ఇంటి బాబాయిగారు కాస్త గట్టిగా అడిగారు. మర్నాటి నుంచి వారంపాటు రాత్రి పదిన్నరకు ఆయన గేటు ముందు బైకు ఆపి కుక్కతో మొరిగించారు. ఆయన గుండె ఆపరేషన్ అయిన మనిషి. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. నేను కూడా. కుక్క ఎప్పటికైనా కరుస్తుందేమోనన్న భయం కంటే, అడిగితే కక్ష కడతారన్న భయమే వీధిని ఎక్కువ పట్టుకుంది.

అనుకున్నట్టే కరిచింది. డిసెంబరు చివర్లో, ఒక సాయంత్రం. ఇస్త్రీ బండి అతని కొడుకు, తొమ్మిదేళ్ళవాడు, బట్టల మూట ఇచ్చి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. పరిగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం. పిక్క పట్టుకుంది. నేను కేకలు విని వెళ్ళేసరికి వాళ్ళ నాయనమ్మ గాయానికి కారం, పసుపు అద్దబోతోంది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, పిల్లాణ్ణి ఎత్తుకుని మా పెరటి కుళాయి దగ్గరకు తీసుకెళ్ళాను. బట్టల సబ్బుతో, ధార కింద, ఫోన్‌లో టైమర్ పెట్టి పదిహేను నిమిషాలు కడిగాను. వాడు ఏడుస్తుంటే మధ్యలో ఆపేద్దామని రెండుసార్లు అనిపించింది. ఆపలేదు. రేబిస్ వైరస్‌కు సబ్బు గిట్టదు. గాయంలో ఉన్నదాన్ని అక్కడికక్కడ తగ్గించే మార్గం మన చేతిలో అదొక్కటే. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బు నుంచి మనిషి బతకడం దాదాపు ఉండదు.

ప్రభుత్వాసుపత్రిలో గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను అడ్డుకునే తయారు యాంటీబాడీలు) ఇచ్చారు, చేతికి టీకా మొదటి డోసు వేశారు. కుట్లు వేయలేదు, కుక్కకాటుకు సాధారణంగా వెంటనే కుట్లు వేయరు. మిగతా డోసులు 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు అని చీటీ రాసి ఇచ్చారు. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "కుక్కకు టీకా వేయించారా? కార్డు ఉందా?" రెండో ప్రశ్న, "కుక్క కళ్ళముందు ఉంటుందా? పది రోజులు చూడాలి." కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే, కరిచిన రోజున దాని లాలాజలంలో వైరస్ లేనట్టే. అలాగని టీకాలు ఆపుకుని ఎదురుచూడకూడదు, రెండూ పక్కపక్కన జరగాలి.

రాత్రి తొమ్మిదికి మేం బ్రూనో వాళ్ళ ఇంటికి వెళ్ళాం. నేను, బాబాయిగారు, ఇస్త్రీ అతను. కార్డు లేదు. పిల్లప్పుడు ఏదో ఒక ఇంజెక్షన్ వేయించామన్నారు, ఏదో తెలీదు. కుక్క కూడా లేదు. గొడవవుతుందని అప్పటికే కారులో ఎక్కించి చెరువు మకాంకి పంపేశారు. మా వైపు ఇది అలవాటే. ఊళ్ళో తలనొప్పి అయిన కుక్కల్ని చెరువు కాపలాకి పంపేస్తారు, అక్కడ అది ఏమైందో ఎవరూ అడగరు. తండ్రి రెండువేలు తీసి ఇస్త్రీ అతని చేతిలో పెట్టబోయారు.

ఇస్త్రీ అతను నావైపు చూశాడు. వీధిలో సగం ఇళ్ళు అతని ఖాతాలే, ఈ ఇల్లు కూడా. ఆ డబ్బు తీసుకుంటే మాట అక్కడితో ఆగిపోతుంది, తీసుకోకపోతే పనిపోతుంది. అతన్ని ఆ స్థితిలో నిలబెట్టినందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

"ఆసుపత్రిలో టీకా ఉచితమేనండి. అతను పోగొట్టుకునే నాలుగు రోజుల కూలి మీరు ఎలాగూ ఇవ్వాలి. ముందు కుక్క కావాలి. పది రోజులు అది ఎలా ఉందో మాకు తెలియాలి" అన్నాను. తర్వాత సెక్షన్ చదివి వినిపించాను. భారతీయ న్యాయ సంహిత 291. మన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయమో తీవ్రమైన గాయమో కలగకుండా తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోకపోతే 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. "కేసు పెడతామని రాలేదండి. చట్టం ఈ పనిని ఎలా చూస్తుందో మీకు తెలియాలని చెబుతున్నాను."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "రోజూ వీడియో తెప్పిస్తానండి టీచరుగారూ" అన్నారు. తెప్పించారు కూడా. మకాం కాపలా అతను ప్రతి ఉదయం తీసి పంపేవాడు. తూము పక్కన రాటకు కట్టేసి ఉండేది బ్రూనో. అన్నం తింటోంది, నీళ్ళు తాగుతోంది, మనిషిని గుర్తుపడుతోంది. నాకు కావలసింది అదే. అయినా ప్రతి వీడియోలోనూ అది గొలుసు చివరిదాకా వచ్చి దారి వైపు చూస్తూ ఉండటం నాకు గుర్తుండిపోయింది.

ఐదో రోజున కర్రోడు పోయాడు.

కర్రోడు మా వీధి కుక్క. ఒళ్ళంతా నలుపు, ఎడమకాలి పంజా ఒక్కటే తెలుపు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి వదిలారు కాబట్టి చెవికి చిన్న కోత ఉండేది. పగలంతా ఇస్త్రీ బండి కింద, బొగ్గుల వెచ్చదనంలో పడుకునేవాడు. రాత్రి రెండో ఆట చూసి వచ్చే మగవాళ్ళను సందు చివరి నుంచి ఇంటిదాకా దిగబెట్టేవాడు. కరిచిన పాపాన పోలేదు. బ్రూనో కరిచిన పిల్లాడికి వీడు ప్రాణం. వాడి బిస్కెట్లలో సగం కర్రోడివే.

ఆ ఐదు రోజుల్లో వీధిలో మాట మారిపోయింది. "బ్రూనో" అన్న పేరు పోయి "కుక్కలు" అయింది. "ఈ కుక్కలన్నిటినీ తీసేయిస్తేనేగాని లాభం లేదు" అన్నారు. మునిసిపాలిటీ వాళ్ళు అలా తీసుకుపోయి ఎక్కడో వదిలేయడానికి లేదని చెప్పాను. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని తప్పించి మిగతావాటికి అదే మాట చెప్పింది, అన్నం పెట్టడానికి ప్రత్యేకంగా చోటు చూపమంది. నేను చెప్పింది తప్పు కాదు. కానీ కరిచింది ఇంట్లో పెంచుకునే కుక్క అని, దాని యజమాని ఫలానా అని నేను గట్టిగా చెప్పాల్సిన సమయంలో నియమాలు చెబుతూ కూర్చున్నాను. ఎవరికీ పట్టలేదు.

ఎవరో అన్నంలో మందు కలిపి పెట్టారు. తెల్లవారి ముగ్గు వేయడానికి లేచిన మామ్మగారు చూశారట. నన్ను పిలిచేసరికి నోట నురగ, ఒళ్ళంతా వణుకు. పశువుల ఆసుపత్రి తెరిచే వేళ కాదు. తెలిసిన కాంపౌండరుకు ఫోన్ చేస్తే బయల్దేరాడు. దారిలో ఉండగానే అంతా అయిపోయింది. జంతువును చంపడం అదే సంహితలో 325వ సెక్షన్ కింద నేరం, 5 ఏళ్ళ దాకా శిక్ష ఉంది. ఫిర్యాదు ఇచ్చాను. ఎవరు చేశారో ఈ రోజుకీ తేలలేదు. మా వీధివాళ్ళే ఎవరో. రోజూ నాతో మాట్లాడే మనిషే అయివుండొచ్చు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కూర వండుతున్న చెయ్యి ఆగిపోతుంది. బుజ్జిని ఇప్పుడు బయటికి తీసుకెళితే మూతికి బుట్ట తొడుగుతున్నాను.

2024 మార్చిలో కేంద్రం రాట్‌వీలర్‌తో సహా 23 జాతులను పెంచకుండా చూడమని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. తర్వాత కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. మా వీధిలో ఇప్పటికీ చాలామంది ఆ జాతిదే తప్పంటారు. నేను ఒప్పుకోను. అంత బలమైన కుక్కకు రోజూ గంట నడక, చిన్నప్పుడే మనుషుల్తో పిల్లల్తో అలవాటు, చెప్పిన మాటకు ఆగడం నేర్పాలి. అవేవీ చేయకుండా గర్వం కోసం పెంచి, గొలుసు విప్పి, జనం తప్పుకుంటుంటే చూసి సంతోషపడ్డారు. ఆ సంతోషానికి ఒక పిల్లాడి పిక్క, ఏ పాపం ఎరగని కర్రోడి ప్రాణం పోయాయి. బ్రూనో కూడా బాగుపడిందేమీ లేదు.

28వ రోజున పిల్లాణ్ణి ఆఖరి డోసుకు నేనే తీసుకెళ్ళాను. తిరిగొస్తూ స్కూటీ మీద వెనక నుంచి అడిగాడు, "కర్రోడికి కూడా ఇంజెక్షన్ వేయిస్తే బతికేవాడా అండీ?" అని. ఇది ఆ ఇంజెక్షన్‌తో తగ్గేది కాదురా అన్నాను. ఇంకేమీ అడగలేదు.

పోయిన వారం ఆ డూప్లెక్స్ అబ్బాయి మా గేటు దగ్గరకు వచ్చాడు. బ్రూనోని మకాం నుంచి తెచ్చేశాడట. "అక్కడ ఉంచలేకపోయానండీ, తిండి మానేసింది" అన్నాడు. ఏం చేయాలో చెప్పమన్నాడు. నాకు కోపం పూర్తిగా పోలేదు, ఆ మాట అతనికి చెప్పాను కూడా. చెప్పాక, ముందు పశువుల ఆసుపత్రికి పద అన్నాను. బుజ్జి బూస్టర్ కూడా ఉంది, నలుగురం కలిసి వెళ్ళాం. కుక్క మెడ, చెవులు ఒరుసుకుపోయి ఉన్నాయి, చెవుల్లో గోమార్లు. డాక్టరుగారు రేబిస్ టీకా వేసి కొత్త కార్డు తీశారు. కుక్క పేరు, వయసు, రంగు రాసి, "ఓనర్ పేరు?" అన్నారు.

అబ్బాయి వాళ్ళ నాన్న పేరు సగం చెప్పి ఆగాడు. తర్వాత తన పేరు చెప్పాడు.