ఏడో గడి

2025 నవంబర్ 13, గురువారం

రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున తెరిపిచ్చింది. ఏడు రోడ్ల కూడలి దగ్గర నీళ్లు నిలిచిపోయి ఆటో అంగుళం అంగుళం కదులుతుంటే అమ్మ ఫోను చేసింది.

"తమ్ముడు ముందే వచ్చేస్తున్నాడట కదా! నీకు చెప్పాడా?"

చెప్పాడు. మొన్న ఆదివారమే చెప్పాడు. "మా వాళ్లలో కొందరిని గడువుకు ముందే పంపేస్తారట అక్కా, జాబితాలో నా పేరు కూడా ఉండొచ్చు" అన్నాడు. ఆ మాటలో సంతోషం వినిపించలేదు. అమ్మకు మాత్రం పండుగే. సంక్రాంతికి కొడుకు ఇంట్లో ఉంటాడని ఇప్పటినుంచే ఎర్రకారానికి మిరపకాయలు ఏరుతోంది. వాణ్ణి ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో దక్షిణ సూడాన్‌కు పంపుతున్నారని విన్న రోజు నుంచి ఆమె కంటినిండా నిద్రపోలేదు. ఆమె సంతోషాన్ని నేనెలా కాదనను? "అవునమ్మా, వస్తాడేమో" అని ఫోను పెట్టేశాను.

కార్యాలయంలో ఈ వారమంతా నంబర్ స్టేట్‌మెంట్ల పని. వచ్చే ఏడాది జీతాల బడ్జెట్ అడగాలంటే ముందు మనుషుల లెక్క తేలాలి. మంజూరైన పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎందరు, ఖాళీలు ఎన్ని, ఒక్కొక్కరి మూలవేతనం ఎంత, కరువు భత్యం ఎంత. పదిహేడేళ్లుగా చేస్తున్న పనే. కళ్లు మూసుకుని చేయగలనని అనుకునేదాన్ని. అక్టోబరులో ఐక్యరాజ్యసమితి శాంతిదళాలను నాలుగో వంతు తగ్గిస్తోందన్న వార్త చూశాక మాత్రం అలా చేయలేకపోతున్నాను. తొమ్మిది మిషన్లలో కలిపి పదమూడు, పద్నాలుగు వేల మంది సైనికులు, పోలీసులు వెనక్కి వెళ్లిపోవాలి. తమ్ముడున్న మిషన్ వాటిలో ఒకటి.

ఆ వార్త వచ్చిన రాత్రి నుంచి వాళ్ల బడ్జెట్ పత్రాలు వెతికి చదువుతున్నాను. భాష వేరు కానీ లెక్క మాదే. భద్రతామండలి తీర్మానంలో ఒక గరిష్ఠ సంఖ్య ఉంటుంది. అది మా మంజూరైన పోస్టుల లాంటిది. దక్షిణ సూడాన్‌కు 2011లో 7,000 మంది సైనికులతో మొదలుపెట్టారు. 2013 డిసెంబరులో అంతర్యుద్ధం రాజుకున్నాక దాన్ని 12,500 చేశారు. 2016లో 17,000 చేశారు. ఇప్పటికీ కాగితం మీద అదే అంకె, దానికి తోడు 2,101 మంది పోలీసులు. నేల మీద మాత్రం ఎప్పుడూ అంతకన్నా తక్కువే.

ఆ తేడాను వాళ్లు ముందే లెక్కలోకి తీసుకుంటారు. వాళ్ల ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. వంద మంది రావలసిన చోట పది మంది ఆలస్యమవుతారనుకుంటే తొంభై మందికే డబ్బు అడుగుతారు. సైనికుడికి ఇంత అని అతడి దేశ ప్రభుత్వానికి నెలనెలా చెల్లిస్తారు. 2018 జూలై నుంచి అది 1,428 డాలర్లు, తరువాత కొంచెం పెంచారు. అందుకే ఒక్క శాతం తేడా కూడా కోట్లలోకి వెళుతుంది. ముందు ఒక సలహా సంఘం, తరువాత సర్వసభ్య సభలో బడ్జెట్ చూసే ఐదో కమిటీ కూర్చుని, పోయినేడు ఎంతమంది తక్కువ వచ్చారో చూసి ఈ ఏడు ఎంత కోయవచ్చో తేలుస్తాయి. ఇందులో నాకు తప్పు కనిపించలేదు. రాని మనిషికి డబ్బు అడిగి మూలన పెట్టడం ఏ ఖజానాలోనైనా తప్పే.

ఇప్పటి కోత మాత్రం ఆ జాతిది కాదు. మనుషులు ఉన్నారు, పని ఉంది, బడ్జెట్‌కు ఆమోదమూ ఉంది. లేనిది చేతిలో డబ్బు. అమెరికా, చైనా కలిసి దాదాపు సగం భారం మోయాలి. వాటాలు సమయానికి రావు. దానిమీద ఒక నియమం ఉంది, అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఏడాది చివర ఖర్చు కాకుండా మిగిలిన మొత్తాన్ని సభ్యదేశాల ఖాతాల్లోనే జమ వేయాలి. వాటా ఆలస్యంగా అందినందుకే ఖర్చు చేయలేకపోయినా సరే, అది మిగులు కిందికే వస్తుంది. మా దగ్గర మార్చి 31కి నిధులు మురిగిపోయినట్టే. ఖాళీ పోస్టు మీద మిగిలిన జీతాన్ని మేము పొదుపు అంటాం. ఆ పోస్టు చేయవలసిన పని ఏమైందన్నది ఏ గడిలోనూ ఉండదు.

మధ్యాహ్నం వసతి గృహాల పద్దు తీశాను. ఒక మండలంలో బాలికల వసతి గృహం. వంటమనిషి 1, కామాటీ 1, వాచ్‌మన్ 1. మూడో పోస్టు మూడేళ్లుగా ఖాళీ. పోయినేటి ఫైల్లో దాని ఎదుట సున్నా ఉంది, అంతకు ముందేడు కూడా సున్నాయే. రెండుసార్లూ ఆ సున్నా పెట్టింది నేనే, నా చేతిరాతే. ఎందుకో ఈసారి కలం సాగలేదు. వార్డెన్‌కు ఫోను చేశాను.

"రాత్రిపూట గేటు దగ్గర ఎవరుంటున్నారమ్మా?"

"నేనే మేడమ్. పిల్లలు పడుకున్నాక లోపల తాళం వేసుకుని గేటుకు ఎదురుగా మంచం వేసుకుంటాను. సెలవు పెట్టిన రోజు కామాటీ పడుకుంటుంది."

ఎనభై నాలుగు మంది ఆడపిల్లలు.

సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్లాను. "ఖాళీ పోస్టుకు జీతం అడిగితే పైన కొట్టేస్తారమ్మా, మిగతా వాటిమీద కూడా కన్ను పడుతుంది" అన్నారు. ఆయన చెప్పింది అనుభవమే, నేను కాదనలేదు. "జీతం అడగను సార్, వివరణ గడిలో రాస్తాను" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "రాయి, చూద్దాం" అన్నారు.

ఏడో గడి, అంగుళంన్నర వెడల్పు. చిన్న అక్షరాలతో రాశాను: మూడేళ్లుగా వాచ్‌మన్ లేనందున రాత్రి కాపలా వార్డెన్ స్వయంగా చేస్తున్నారు, బాలికలు 84.

తమ్ముడి శిబిరంలో కూడా లెక్క ఉంది. అక్కడ నిర్వాసితులైన ఆడవాళ్లు వంటచెరకు కోసం కంచె దాటి పొదల్లోకి వెళతారు. దారిలో ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి వీళ్ల బండి ఒకటి వెంట వెళుతుంది. బయలుదేరేటప్పుడు తలలు లెక్కపెడతారు, మోపులతో తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెడతారు. వెళ్లినవాళ్లు నలభై మూడు, వచ్చినవాళ్లు నలభై మూడు. ఒక ముసలామె రోజూ తన వంతు రాగానే ఆగి, వాడి చేయి పట్టుకుని తన తలమీద పెట్టించుకునేదట. లెక్కలో తాను ఉన్నట్టు తెలియాలని. ఇది చెప్పినప్పుడు వాడి గొంతు బొంగురుపోయింది. ఎనిమిదో తరగతి వరకు నా వెనకే బడికి వచ్చిన పిల్లవాడు.

రాత్రి పదకొండున్నరకు వాడు ఫోను చేశాడు. అక్కడ ఎనిమిది. అమ్మ మిరపకాయల సంగతి చెబితే నవ్వాడు. జాబితా ఇంకా రాలేదట.

"ఈరోజు ఎంతమందిరా?" అని అడిగాను.

"ఈరోజు మేం వెళ్లలేదక్కా. డీజిల్ పొదుపు చేయమన్నారు. వారానికి మూడు రోజులే బండి."

"మరి వాళ్లు?"

"వాళ్లు వెళ్లారు. పొయ్యి రోజూ వెలగాలి కదా."

అటువైపు జనరేటరు చప్పుడు వినిపిస్తోంది. ముసలామె తిరిగి వచ్చిందా అని అడిగాను. చీకటి పడే ముందు కంచె దగ్గరికి వెళ్లి చూశాడట, కనిపించలేదట. వేరే దారిన లోపలికి వచ్చి ఉంటుంది, పొద్దున వెళ్లి చూస్తానన్నాడు.

రేపు పదకొండు గంటలకు ఫైలు పైకి వెళ్లాలి. అంతకన్నా ముందు, వాడికి తెల్లవారగానే ఫోను చేయాలి. అక్కడ ఆరు అంటే మనకు తొమ్మిదిన్నర.