శియాన్‌లో మా నాన్నకి దొరికిన చుట్టం

మొన్న ఏప్రిల్‌లో అమ్మానాన్నలు షాంఘై వచ్చినప్పుడు అందరం కలిసి శియాన్ వెళ్ళాం, నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ పాప, వాళ్ళిద్దరూ. స్పీడ్ ట్రైన్‌లో ఆరు గంటల పైనే పట్టింది, అమ్మ పులిహోర కలిపి తెచ్చింది కాబట్టి దారిలో తిండికి ఇబ్బంది లేదు. ఒకప్పుడు చాంగాన్ అనేవాళ్ళు ఈ ఊరిని, తాంగ్ రాజుల రాజధాని.

మొదటి రోజు మట్టి సైనికుల దగ్గరకే. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డాయి ఇవి, చైనా మొత్తాన్ని మొదటిసారి ఒక్కటి చేసిన చిన్ షి హువాంగ్ సమాధికి కాపలాగా పెట్టినవి, ఆయన పోయింది క్రీ.పూ. 210లో. ఒకటో గొయ్యి 230 మీటర్ల పొడవు ఉంటుంది, లోపలికి అడుగుపెట్టగానే అంతమంది మనుషులు మనవైపే తిరిగి నిలబడి ఉంటే నాకైతే నోట మాట రాలేదు. అప్పట్లో అన్నిటికీ రంగులు ఉండేవట, తవ్వి బయటకి తీశాక గాలి తగిలి నిమిషాల్లో పొరలు పొరలుగా లేచిపోయాయట, అది చదివి చాలా బాధేసింది.

కానీ నాకు బాగా గుర్తుండిపోయింది అద్దాల పెట్టెలో విడిగా పెట్టిన ఒక విలుకాడు. ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చుని ఉంటాడు, వెనక్కి వెళ్ళి చూస్తే అతని జోడు అడుగు భాగం కనిపిస్తుంది, దానిమీద కుట్లు కూడా చుక్కలు చుక్కలుగా చెక్కారు. మా అమ్మ ముప్పై ఏళ్ళు బ్లౌజులు కుట్టిన మనిషి, వంగి చూసి "చూడవే, వేళ్ళ దగ్గర, మడమ దగ్గర ఒత్తుగా కుట్టి మధ్యలో పల్చగా వదిలేశారు, అరిగేది అక్కడేగా" అంది. గైడ్ అంతసేపు చెప్పినదాంట్లో అంత మంచి మాట ఇంకోటి లేదు.

తిండి సంగతి కూడా చెప్పాలి, అమ్మ శాకాహారి కదా అని భయపడ్డాం గానీ ఇక్కడి బియాంగ్‌బియాంగ్ నూడుల్స్ మాంసం లేకుండా అడిగితే చేసిచ్చారు, బెల్టంత వెడల్పు ఉంటాయి, పైన కారం, వెల్లుల్లి వేసి మరిగే నూనె సుయ్‌మని పోస్తారు, అచ్చం మన తాలింపు వాసనే. అమ్మ రెండు రోజులూ అదే తింది.

రెండో రోజు పొద్దున కోట గోడ ఎక్కాం, మింగ్ రాజుల కాలం నాటిది, చుట్టూ దాదాపు 14 కిలోమీటర్లు, పైన కార్లు పోయేంత వెడల్పు. మా ఆయన, పాప సైకిళ్ళు అద్దెకి తీసుకుని మొత్తం చుట్టొచ్చారు, మేం ముగ్గురం కాసేపు నడిచి నీడ చూసుకుని కూర్చున్నాం.

సాయంత్రం పెద్ద హంస గోపురం. నాన్న అసలు ఈ ట్రిప్‌కి ఒప్పుకుందే దీనికోసమని అక్కడికెళ్ళాక తెలిసింది. ఆయన సోషల్ టీచర్‌గా రిటైరయ్యారు, ఊరు అమరావతి పక్కనే. గోపురం ముందు కర్ర పట్టుకుని నిలబడ్డ పెద్ద కంచు విగ్రహం ఉంటుంది, ఆ విగ్రహం చూడగానే "హుయాన్‌త్సాంగ్!" అన్నారు గట్టిగా, పాపేమో "కాదు తాతయ్యా, శ్వెన్‌జాంగ్ అనాలి" అని దిద్దింది. ఆయన ఆ పేరు రెండుసార్లు మెల్లిగా పలికి చూసుకున్నారు, ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పిన పాఠం కదా.

ఆ బౌద్ధ సన్యాసి రాజు అనుమతి లేకుండా దేశం దాటి ఇండియా వచ్చి, 645లో 657 బౌద్ధ గ్రంథాలతో తిరిగొచ్చాడు. వాటిని భద్రపరచడానికే 652లో ఈ గోపురం కట్టారు. మిగిలిన జీవితమంతా, 664లో పోయేదాకా, వాటిని చైనీస్‌లోకి తర్జుమా చేస్తూనే గడిపాడు. తిరిగిన దేశాల్లో మన ఆంధ్ర కూడా ఉంది, ధాన్యకటకం, అంటే మన అమరావతి ప్రాంతమే, అదీ ఉంది. ఊరికి తూర్పున ఒక ఆరామం, పడమర ఒకటి ఉండేవని, అప్పటికే చాలా విహారాలు పాడుబడిపోయాయని రాశాడు. ఇదంతా మెట్ల దగ్గర నిలబడి నాన్న పాపకి చెప్తున్నారు, వెనకున్న జనం పక్కనించి వెళ్ళిపోతున్నారు, మేం కదల్లేదు.

లోపల చెక్క మెట్లు, ఏడంతస్తులు, వద్దన్నా వినకుండా నాన్న పైదాకా ఎక్కారు. నాలుగు వైపులా కిటికీలున్నాయి. "మన ఊరు ఎటుంది రా" అని అడిగితే మా ఆయన ఫోన్‌లో చూసి నైరుతి అన్నారు, దక్షిణం కిటికీ దగ్గర నిలబడి కొంచెం కుడికి చూపించారు. నాన్న ఆ వైపే చాలాసేపు చూశారు. తర్వాత మెల్లిగా "ఆయన తీసుకెళ్ళిన వాటికి ఇంత గోపురం కట్టి ఇన్నేళ్ళు కాపాడుకున్నారమ్మా, మన అమరావతి స్తూపం రాళ్ళు కొన్ని లండన్‌లో, కొన్ని చెన్నైలో ఉన్నాయి, ఊళ్ళో మిగిలింది దిబ్బ" అన్నారు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. నేను కూడా ఆ దిబ్బని స్కూల్ పిక్నిక్‌లో ఒక్కసారే చూశాను, పక్క ఊరి పిల్లనై ఉండి.

కిందికి దిగుతుంటే పాప అడిగింది, "తాతయ్యా, ఆయన మన ఊరు ఎలా వచ్చాడు, నడిచేనా?" అని. జూన్ సెలవలకి ఇండియా టికెట్లు బుక్ చేశాం, ఈసారి మొదట అమరావతికే.