పాము కాళ్ళు వెతుకుతున్న ఇంజనీర్లు

పాము రోబో అనగానే మన చూపు దాని ఆకారం మీదికే పోతుంది: పొడవాటి శరీరం, వరుసగా అమర్చిన కీళ్ళు, తల భాగంలో ఒక కెమెరా. ఈ రంగంలో యాభై ఏళ్ళకు పైగా జరిగిన కృషిని ఆసక్తితో చదువుతూ వచ్చిన నాకు మాత్రం అసలు సంగతి ఆకారంలో లేదనీ, ఆ శరీరం నేలను ఏ క్షణాన ఎక్కడ ఆనుతోంది, ఎక్కడ వదులుతోంది అన్న లెక్కలోనే ఉందనీ అనిపిస్తుంది. పాము కాళ్ళు పామునకెరుక అన్నారు పెద్దలు. ఆ కాళ్ళేవో తెలుసుకోవడమే ఈ ఇంజనీర్లు పెట్టుకున్న పని.

1972లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో షిగెయో హిరోసె అనే ఇంజనీరు రూపొందించిన ఏసీఎం-3 అనే పాము రోబోకు ఇరవై కీళ్ళు ఉండేవి. అది సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల వేగంతో నేల మీద మెలికలు తిరుగుతూ ముందుకు సాగేది. దాని అడుగున చిన్న చిన్న చక్రాలు ఉన్న మాట నిజమే కానీ, ఏ మోటారూ ఆ చక్రాలను తిప్పదు. మోటార్లు చేసేదల్లా కీళ్ళను కుడికీ ఎడమకూ వంచడమే. చక్రం తన దారిలో తేలికగా దొర్లుతుంది, పక్కకు నెడితే మొరాయిస్తుంది. ఈ తేడా వల్లనే పక్కలకు వంగే కదలిక ముందుకు నెట్టే బలంగా మారుతుంది. పాము పొట్ట కింది పొలుసులు చేసే పని కూడా ఇదే. పాముల నడకను పరిశోధించిన డేవిడ్ హు బృందం 2009లో ప్రచురించిన కొలతల ప్రకారం, గుడ్డ పరిచిన తలం మీద పాము ముందుకు జారేటప్పటి ఘర్షణ కంటే పక్కకు జారేటప్పటి ఘర్షణ దాదాపు రెట్టింపు ఉంటుంది. నున్నటి తలం మీద ఆ తేడా చెరిగిపోయి, పాము ఎంత మెలికలు తిరిగినా ముందుకు సాగలేకపోయింది. పైగా పాము తన బరువును శరీరమంతటా సమానంగా మోపదని, వంపుల దగ్గర కొద్దిగా ఎత్తి తక్కిన చోట్ల ఎక్కువ ఆనిస్తుందని కూడా వారు చూపించారు.

హిరోసె చేసిన మరో పని నాకు ఇంకా గొప్పదిగా తోస్తుంది. పాము శరీరపు వంపును పరిశీలించి, తల నుంచి తోక వరకు వక్రత, అంటే ఒక్కో చోట వంపు ఎంత ఉందన్నది, సైన్ తరంగంలా (ఒకే లయలో పెరుగుతూ తగ్గుతూ సాగే అలలా) మారుతుందని ఆయన గుర్తించి, ఆ రేఖకు సర్పినాయిడ్ అని పేరు పెట్టారు. దీని ఫలితం చాలా ఆచరణాత్మకమైనది. కీళ్ళు ఇరవై ఉన్నా వందున్నా ప్రతి కీలుకూ ఒకే సైన్ తరంగాన్ని, ముందున్న కీలు కంటే కాస్త ఆలస్యంగా అందిస్తే చాలు. నడిపేవారి చేతిలో ఉండవలసినవి కంపన పరిమితి (కీలు ఎంత వంగాలి), పౌనఃపున్యం (ఎంత త్వరగా వంగాలి), కీలుకూ కీలుకూ మధ్య దశాభేదం (ఎంత ఆలస్యంగా వంగాలి) అనే మూడు సంఖ్యలు మాత్రమే. మలుపు తిరగాలంటే అన్ని కోణాలకూ ఒక చిన్న స్థిర విలువను కలిపితే సరిపోతుంది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఆకె ఐస్పీర్ట్ బృందం ఇదే తరంగాన్ని సూత్రంతో నేరుగా కాకుండా, లాంప్రే అనే చేప వెన్నుపాములోని నాడీ వలయాలను పోలిన జంట డోలకాలతో, అంటే ఒకదాని లయను మరొకటి సరిచేసేలా కలిపిన లయకారక వలయాలతో, పుట్టించింది. ఆ పద్ధతిలో వేగాన్ని ఉన్నట్టుండి మార్చినా కీళ్ళు కుదుపు లేకుండా కొత్త లయకు చేరుకుంటాయి.

చక్రాలు ఉన్నంతవరకు ఈ యంత్రం చదునైన నేలకే పరిమితం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో హౌవీ చోసెట్ బృందం చక్రాలను పూర్తిగా వదిలివేసి, ఒక కీలు పక్కకు వంగితే దాని తరువాతి కీలు పైకీ కిందికీ వంగేలా పదహారు భాగాలను గొలుసుగా కూర్చింది. ఇప్పుడు శరీరంలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి చొప్పున రెండు తరంగాలు ఏకకాలంలో నడపవచ్చు. ఆ రెండింటి మధ్య పావు ఆవృత్తి (ఒక పూర్తి అలలో నాలుగో వంతు) తేడా ఉంచితే రోబో ఎడారి పాములా పక్కవాటుగా నడుస్తుంది. మన ప్రాంతాల్లో కనిపించే చిన్న పింజర కూడా ఇలా నడవగలదు. ఈ నడకలో నేలకు ఆనిన భాగం దాదాపు కదలకుండా ఉంటుంది, కదిలే భాగం గాలిలో ఉంటుంది. అందువల్ల పొలుసుల అవసరమే తప్పిపోతుంది. అదే రోబో స్తంభాన్ని చుట్టుకొని, తన చుట్టూ తాను దొర్లుతూ పైకి ఎక్కుతుంది. ఏ పామూ అలా ఎక్కదు కాబట్టి ఇది అనుకరణ కాదనేవారు ఉండవచ్చు కానీ, నా దృష్టిలో ప్రకృతి నుంచి నేర్చుకోవడమంటే ఇదే.

అయితే ఇసుక వాలు మీద ఆ రోబో జారిపోయేది. సమాధానం కోసం పరిశోధకులు అమెరికాలోని అట్లాంటా జంతుప్రదర్శనశాలలో ఉన్న, ఇలా పక్కవాటుగా నడిచే సైడ్‌వైండర్ అనే ఎడారి పాములను, వాలు మార్చగల ఇసుక తొట్టెలో నడిపించి చూశారు. వాలు పెరిగేకొద్దీ పాము గట్టిగా తవ్వుతుందనో వేగం పెంచుతుందనో ఎవరైనా ఊహిస్తారు. అది చేసింది వేరు: ఇసుకను తాకే శరీర భాగం పొడవును పెంచింది. దానితో బరువు ఎక్కువ మేర పరుచుకొని, కింది ఇసుక కూలకుండా నిలిచింది. రోబోలో నిలువు తరంగాన్ని అదే తీరున సవరించగా అది కూడా వాలు ఎక్కగలిగింది. 2014లో సైన్స్ పత్రికలో వెలువడిన ఈ పరిశోధనలో రోబో పాము నుంచి నేర్చుకోవడమే కాదు, ఒక్కొక్క విలువనూ విడిగా మార్చి చూడగల రోబో వల్ల పాము నడక గురించి కూడా స్పష్టత వచ్చింది. సజీవమైన పామును అలా మార్చమని అడగలేము కదా!

శిథిలాల దగ్గరికి వస్తే పరిస్థితి ఇంత బాగా లేదు. 2017 సెప్టెంబరులో మెక్సికో నగరంలో భూకంపం వచ్చినప్పుడు, కార్నెగీ మెలన్ బృందం తన రోబోను కూలిన ఒక భవనంలోకి రెండుసార్లు పంపి లోపలి దృశ్యాలను సహాయక సిబ్బందికి అందించింది; బతికి ఉన్నవారెవరూ కనిపించలేదు. దీన్ని వైఫల్యమనలేము కానీ, ప్రదర్శనల్లో చూసే చురుకుదనం శిథిలాల్లో అలాగే దొరుకుతుందని ఆశించకూడదు. ముందుగా నిర్ణయించిన తరంగాన్ని గుడ్డిగా నడిపే యంత్రానికి ప్రతి ఇటుకా అడ్డంకే. కానీ అదే ఇటుక పాముకు ఆసరా. బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త జేమ్స్ గ్రే 1946లోనే, పాము తన పక్కలను మేకుల వంటి వాటికి ఆనించి నెట్టుకుంటూ ముందుకు సాగే తీరును వివరించారు. నార్వేలోని ట్రాన్‌హైమ్ పరిశోధకులు ఈ ఆలోచనను అందిపుచ్చుకొని, అడ్డంకుల సాయంతోనే నడిచే రోబోల మీద ఏళ్ళ తరబడి పని చేశారు. అందుకు కోణాన్ని మాత్రమే పాటించే మోటారు చాలదు. ఎదుటి వస్తువు ఎంత బలంగా తిరిగి నెడుతోందో ప్రతి కీలూ కొలవాలి, అవసరమైతే లొంగాలి. కార్నెగీ మెలన్ తరువాతి నమూనాల్లో మోటారుకూ కీలుకూ మధ్య స్ప్రింగు వంటి సాగే భాగాన్ని పెట్టినది ఇందుకే: అది ఎంత మెలిపడిందో కొలిస్తే బలం ఎంతో తెలుస్తుంది. ఇంత కొలిచే పరికరాన్ని అయిదు సెంటీమీటర్ల వ్యాసంలో, దుమ్మూ నీరూ చొరబడకుండా, తగినంత బలంతో ఇమడ్చడం ఇప్పటికీ ఖరీదైన వ్యవహారమే. అందువల్ల రాబోయే మెరుగుదల కొత్త రకపు నడకల నుంచి కంటే ఈ కీళ్ళ తయారీ నుంచే వస్తుందని నా అంచనా.